చట్టం జాబితా, తెర మీది మనిషి



1948 డిసెంబరు 10న పారిస్‌లో ఐక్యరాజ్యసమితి విశ్వ మానవ హక్కుల ప్రకటనను ఆమోదించింది. అప్పటికి మన నాందేడ్ జిల్లా నిజాం ఏలుబడి నుంచి బయటపడి మూడు నెలలు కూడా నిండలేదు. నాందేడ్, నిజామాబాద్, ఆదిలాబాద్ మూడూ ఒకే సంస్థానంలోని ఇరుగుపొరుగు జిల్లాలు. ఊరి నడుమ గడీ, ఊరి చివర వాడ, మధ్యలో పటేలు, పట్వారీ, అందరి అడుగున వెట్టి. ఆ చలికాలంలో దెగ్లూరులోనో బిలోలిలోనో వెట్టి మోసే మనిషికి ఎవరైనా పారిస్ కబురు చేరవేశారంటే నేను నమ్మను. నీకూ ఒక హక్కుందని ఇక్కడి జనానికి మొదట చెప్పినవాళ్లలో వకీళ్లకంటే, అధికారులకంటే ముందు లెక్కపెట్టాల్సింది షాహీర్‌ని. మెడలో ఢోల్కీ వేసుకుని, పొద్దుగూకాక వాడలోకి వచ్చి పాడే మనిషిని.

ఆ పాటగాళ్ల బృందం చేసేది జల్సా. తమాషా అనే ఊరి ఆటలోంచి పుట్టింది. ఢోల్కీ, తుణతుణె, తాళాలు, వెనక వంత పాడే ఇద్దరు ముగ్గురు, మధ్యమధ్య హాస్యం, సంభాషణ. జోతిబా ఫూలే బాటలోని సత్యశోధకులు ముందు దాన్ని వాడుకున్నారు. తర్వాత అంబేడ్కర్ ఉద్యమం అందుకుంది. తమాషా మొదట్లో గణపతి స్తుతి ఉండేది, ఆ చోట భీముణ్ణి, అంటే అంబేడ్కర్‌ను, తలుచుకోవడం మొదలుపెట్టారు. కృష్ణుడితో గొల్లభామల సరసం ఉండే ఘట్టం తీసేశారు. మిగతా చట్రం అంతా పాతదే కాబట్టి చదువురాని ముసలమ్మ కూడా ఎక్కడ నవ్వాలో ఎక్కడ వినాలో తెలిసి కూర్చునేది. తన పది సభలకు కర్డక్ అనే షాహీర్ జల్సా ఒకటి సాటి అని అంబేడ్కర్ మెచ్చుకున్నారని జల్సాకారులు తరతరాలుగా చెప్పుకుంటారు. ఆ దారిలోనే అదే ఇంటిపేరున్న వామన్‌దాదా కర్డక్ 2004లో కన్నుమూసేదాకా ఊరూరూ తిరిగి వేల పాటలు కట్టారు. మరాఠ్వాడా వాడల్లో ఆయన పాట రాని ఇల్లు వెతకాలి.

ఇక్కడ వాయిద్యం సంగతి ఒకటి చెప్పాలి. నాందేడ్ పల్లెల్లో మాతంగ్ కులస్థులు కొట్టే హల్గీ, మంజీర దాటి బోధన్ వైపు వెళితే మాదిగల డప్పు. అదే చట్రం, అదే తోలు, మంట మీద కాచుకోవడమూ అదే. చావుకైనా జాతరకైనా దండోరాకైనా పిలిచిన వెంటనే వెళ్లి కొట్టి తీరాల్సిన వెట్టి వాయిద్యం అది. దాన్నే సభకు జనాన్ని పిలవడానికి, ఊరేగింపు ముందు నడవడానికి వాడుకున్నారు రెండు వైపులవాళ్లూ. నన్నడిగితే మానవ హక్కుల కళ అనేది ఈ ప్రాంతంలో అక్కడే మొదలైంది. ఈమధ్య భీమ్ జయంతి ఊరేగింపుల్లో డీజే పెట్టెల మోతకు షాహీర్ గొంతు వినపడటం లేదు. కుర్రాళ్ల సరదాను నేను తప్పుపట్టను గానీ, పాటలో మాట వినపడకపోతే ఇక ఆ పాటెందుకు?

1978కి వద్దాం. ఆ ఏడు జులై 27న మహారాష్ట్ర శాసనసభ, మండలి రెండూ ఔరంగాబాద్‌లోని మరాఠ్వాడా విశ్వవిద్యాలయానికి అంబేడ్కర్ పేరు పెట్టాలని తీర్మానించాయి. ఆ తీర్మానం మీద కోపం ఊళ్లలోని దళిత వాడల మీద పడింది. నాందేడ్, పర్భణీ జిల్లాల్లో గుడిసెలు తగలబడ్డాయి, బావుల్లో నీళ్లు పాడుచేశారు, జనం ఊళ్లొదిలి పోయారు. నాందేడ్ జిల్లా టెంభుర్ణిలో పోచిరాం కాంబ్లే అనే మాతంగ్ కులస్థుణ్ణి ఆగస్టు నెలలో చంపేశారు. పోచిరాం అన్న పేరు వింటే మన నిజామాబాద్ పల్లెవాడేమో అనిపిస్తుంది. అప్పటికి అత్యాచారాల నిరోధక చట్టం లేదు, అది 1989లో వచ్చింది. 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టం ఒకటుండేది, దాని చూపు ముఖ్యంగా అంటరానితనం మీదే. పేరు కోసం పోరాటం పదహారేళ్లు సాగింది. 1993 నవంబరులో నాందేడ్‌లోనే గౌతమ్ వాఘ్మారే ఒంటికి నిప్పంటించుకుని ప్రాణం విడిచాడు. 1994 జనవరి 14న విశ్వవిద్యాలయం పేరు డాక్టర్ బాబాసాహెబ్ అంబేడ్కర్ మరాఠ్వాడా విశ్వవిద్యాలయంగా మారింది. అదే ఏడాది సెప్టెంబరు 17న నాందేడ్‌కు స్వామి రామానంద తీర్థ పేరిట సొంత విశ్వవిద్యాలయం వచ్చింది.

ఇన్ని చెప్పానా, 1978 నాటి ఆ వాడలు మన కళ్లకు కట్టేలా ఏం మిగిలింది? ఆ రోజుల్లో పల్లెలో కెమెరా ఎవరి దగ్గరుంది? పత్రికల వార్తలు, నివేదికలు, పాటలు మిగిలాయి. పోచిరాం పేరు ఇంకా జనం నోట ఉందంటే అందులో పాటగాళ్ల పాలు చాలా ఉంది. పాట పేరును నిలబెడుతుంది. సాక్ష్యం చెప్పమంటే మాత్రం తడబడుతుంది. ఎవరు ముందు వచ్చారు, ఠాణా నుంచి జీపు ఎన్నింటికి కదిలింది, తుపాకీ ఎటు గురిపెట్టారు అని అడిగితే పాట దగ్గర జవాబు ఉండదు.

ఆ జవాబు కోసం కెమెరా పట్టుకుని బయల్దేరిన సినిమా ఒకటుంది. 1997 జులై 11న ముంబై ఘాట్‌కోపర్‌లోని రమాబాయి నగర్‌లో అంబేడ్కర్ విగ్రహానికి చెప్పుల దండ వేశారు. నిరసనకు దిగిన జనం మీద రిజర్వు పోలీసులు కాల్పులు జరిపారు, పదిమంది చనిపోయారు. నాలుగు రోజులకు విలాస్ ఘోగ్రే అనే పాటగాడు తన గుడిసెలో ఉరేసుకున్నాడు. వామపక్ష వేదికల మీద ఏళ్ల తరబడి పాడిన మనిషి, చివరిసారి తలకు అంబేడ్కర్ ఉద్యమపు నీలి గుడ్డ చుట్టుకున్నాడు. అతని పాటను అంతకుముందే తన చిత్రంలో రికార్డు చేసిన ఆనంద్ పట్వర్ధన్ ఆ చావు ఎందుకు జరిగిందో తెలుసుకోవడానికి పద్నాలుగేళ్లు వాడల వెంట తిరిగాడు. 2011లో పూర్తయిన ఆ డాక్యుమెంటరీ పేరు ‘జై భీమ్ కామ్రేడ్’. గ్యాస్ ట్యాంకర్లను జనం తగలబెట్టబోతుంటే తప్పక కాల్చామని పోలీసులు చెప్పిన మాటను ఆ రోజు దృశ్యాలు ముందు పెట్టుకుని నిలదీస్తుంది. మూడు గంటల సినిమా, అందులో పాటలు చాలా ఉన్నాయి. దాన్ని 2012 జనవరిలో ముంబైలోని బీఐటీ చాళ్ల నడుమ తెర కట్టి, ఆ పాటలు పుట్టిన జనానికే మొదట చూపించారు. ఏసీ హాలుకు తర్వాత వెళ్లారు. ఈ వరస నాకు చాలా నచ్చింది. ఎవరి గోడు వాళ్లకు ముందు చూపించాలి. సరిగ్గా చెప్పామో లేదో వాళ్లే తేల్చాలి.

పాటే ముద్దాయి అయితే ఏమవుతుందో చూడాలంటే చైతన్య తమ్హానే తీసిన ‘కోర్ట్’ ఉంది. జాతీయ ఉత్తమ చిత్రం బహుమతి అందుకుంది. ముంబైలో ఒక ముసలి షాహీర్ వాడలో పాడాడు. రెండ్రోజులకు మురుగు కాలువలు శుభ్రం చేసే మనిషి ఒకడు మ్యాన్‌హోల్‌లో చనిపోయాడు. ఆ పాట విని ఆత్మహత్య చేసుకున్నాడని పోలీసులు షాహీర్ మీద కేసు పెడతారు. షాహీర్ వేషం వేసిన వీరా సాథీదార్ నిజజీవితంలో నాగపూర్ ఉద్యమకారుడే, 2021లో కరోనాతో పోయాడు. ఆ సినిమాలో నన్ను వదలని ఘట్టం చనిపోయినవాడి భార్య సాక్ష్యం. కాలువలోకి దిగే ముందు ఆయన ఒక రాయి వేసి చూసేవాడట. బొద్దింక బయటికి వస్తే లోపల గాలి ఉన్నట్టు లెక్క. ముసుగు లేదు, తొడుగులు లేవు, సర్కారు వారి గాలి పరీక్ష బొద్దింక. ఆమె ఏడవదు, అడిగినదానికి జవాబు చెప్పి కూర్చుంటుంది. చేతులతో మలం ఎత్తించడాన్ని నిషేధిస్తూ 2013లో చట్టం వచ్చింది. మురుగు కాలువలో చనిపోయినవాళ్ల కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలని 2014లోనూ, దాన్ని 30 లక్షలు చేయాలని 2023లోనూ సుప్రీంకోర్టు చెప్పింది. ఈ అంకెలు కరపత్రంలో చదివితే కళ్ల ముందు నుంచి జారిపోతాయి. బొద్దింక చూశాక చెబితే ఎవరూ మర్చిపోరు.

ఇక నేను అసలు మాట్లాడదలుచుకున్న సినిమా, ‘ఫాండ్రీ’. 2013 నాటిది. తీసిన నాగరాజ్ మంజులే షోలాపూర్ జిల్లా కర్మాళా వైపు మనిషి. కథానాయకుడు జబ్యా బళ్లో చదువుకునే పిల్లాడు, కైకాడీ కులం. ఆ వేషం వేసిన సోమనాథ్ అవఘడే అప్పటిదాకా కెమెరా ముఖం చూడలేదు. ఊరి ఉత్సవంలో హల్గీ కొడుతుంటే చూసి మంజులే అతన్ని పట్టుకున్నాడు.

జాతరకు అడ్డొస్తున్నాయని ఊరి పందులను పట్టే పని జబ్యా ఇంటివాళ్లకు అప్పజెబుతారు. సరిగ్గా బడి పక్కన. తోటి పిల్లలు గోడెక్కి చూస్తుంటారు, ఈలలు వేస్తారు, ఫోన్లో ఫొటోలు తీస్తారు. జబ్యా ఇష్టపడే అమ్మాయి కూడా వాళ్లలో ఉంటుంది. పంది చేతికి చిక్కబోయే క్షణంలో బళ్లో జనగణమన మొదలవుతుంది. తండ్రి, తల్లి, అక్కలు, జబ్యా అందరూ ఎక్కడివాళ్లక్కడ నిలబడిపోతారు. పంది తాపీగా నడిచి వెళ్లిపోతుంది. నవ్వాలో ఏడవాలో తెలియదు చూసేవాడికి. తర్వాత ఎలాగో పట్టి, కర్రకు కట్టి మోసుకెళుతుంటే వెనక బడి గోడ మీద అంబేడ్కర్, ఫూలే, సావిత్రీబాయి, గాడ్గే బాబా బొమ్మలు. కెమెరా ఎవరినీ వేలెత్తి చూపదు. ఆ గోడ వెంట నడిపిస్తుంది, అంతే. చివరికి ఏడిపించేవాళ్ల మీదికి జబ్యా విసిరిన రాయి నేరుగా తెర వైపు, మన మీదికి వస్తుంది.

ఈ సినిమా చూసినవాళ్లు చాలామంది, పందిని మోయించినందుకు అత్యాచారాల నిరోధక చట్టం కింద కేసు పెట్టొచ్చుగా అంటారు. నిజమే, ఎస్సీ, ఎస్టీలతో చచ్చిన జంతువులను మోయించడం, శవాలు పూడ్చే గోతులు తవ్వించడం నేరమని 2015 సవరణలో స్పష్టంగా రాశారు. కానీ కైకాడీలు మహారాష్ట్రలో ఎస్సీలు ఎక్కడంటే నాగపూర్, అమరావతి, అకోలా, యవత్‌మాళ్ లాంటి విదర్భ జిల్లాల్లో. షోలాపూర్‌లో, మన నాందేడ్‌లో వాళ్లు ఎస్సీలూ కాదు, ఎస్టీలూ కాదు, విముక్త జాతి అనే వేరే జాబితా. అంటే జబ్యాకు జరిగిన అవమానానికి ఆ చట్టం తలుపు తెరుచుకోదు. అదే కుటుంబం యవత్‌మాళ్‌లో పుట్టి ఉంటే తెరుచుకునేది. మనవైపు ఎరుకలవాళ్లకు వీళ్లు దగ్గరివాళ్లని చెబుతారు. ఎరుకలవాళ్లు తెలంగాణలో ఎస్టీలు. లంబాడీల సంగతీ అంతే. నిజామాబాద్ తండాలో ఎస్టీ, మంజీర దాటి నాందేడ్ తండాకు వస్తే విముక్త జాతి. అన్నాచెల్లెళ్ల పిల్లలకు చేతిలో వేరువేరు సర్టిఫికెట్లు. 1956లో హైదరాబాద్ రాష్ట్రాన్ని భాషను బట్టి మూడు ముక్కలు చేసినప్పుడు గీసిన సరిహద్దు గీత వాళ్ల మధ్య ఉంది. గోదావరి మాత్రం కందకుర్తి దగ్గర ఎవరినీ అడగకుండా ఇటు నుంచి అటు పోతూనే ఉంది. రైల్వేవాళ్లకూ ఆ గీత పట్టలేదు, నాందేడ్ డివిజన్ పుట్టిందే సికింద్రాబాద్ కేంద్రంగా ఉన్న దక్షిణ మధ్య రైల్వేలో.

చట్టం జాబితా చూసి నడవక తప్పదు. జాబితా లేకుండా ఎవరికి రక్షణ ఇవ్వాలో దానికి తెలియదు. సినిమాకు ఆ ఇబ్బంది లేదు. ఏ జిల్లావాడివి, ఏ షెడ్యూలువాడివి అని అడక్కుండా పందిని మోస్తున్న పిల్లాడి ముఖం చూపిస్తుంది. జాబితా ఎక్కడ చిరిగిందో అప్పుడు తెలుస్తుంది. మానవ హక్కుల సినిమా అంటే చట్టంలోని సెక్షన్లకు బొమ్మలు వేసి చూపడం అనుకునే అధికారులున్నారు. అలాంటివి నేను చాలా చూశాను, నిద్రొస్తుంది. చట్టం ఇంకా చూడనిది చూపినప్పుడే సినిమాకు విలువ.

మన తెలుగువాళ్ల దగ్గరా తక్కువ సరుకేం లేదు. సుంకర సత్యనారాయణ, వాసిరెడ్డి భాస్కరరావు రాసిన ‘మా భూమి’ నాటకాన్ని ప్రజానాట్యమండలి ఊరూరా ఆడితే సర్కారు నిషేధించింది. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారంగా గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’ సినిమా 1980 మార్చిలో వచ్చింది. నిజాం కాలం వెట్టినీ, దాని మీద తిరుగుబాటునూ పేరున్న తారలు లేకుండా తెలంగాణ జనానికి చూపింది. అందులో గద్దర్ గొంగడి వేసుకుని పాడిన పాట మీకందరికీ తెలుసు. కానీ నాందేడ్‌లో చూపించడానికి ఒక్కటే ఎంచుకోమంటే నేను బి. నరసింగరావు ‘దాసి’ని ఎంచుకుంటాను. 1988 నాటి సినిమా, అయిదు జాతీయ బహుమతులు వచ్చాయి. దొరసానితో పాటు గడీకి వచ్చే దాసి కథ. కమలాక్షి పాత్రలో అర్చన రోజంతా నీళ్లు మోస్తుంది, ఊడుస్తుంది, వడ్డిస్తుంది, దొర పిలిస్తే వెళుతుంది, గడీకి వచ్చిన అతిథి అడిగినా వెళ్లాల్సిందే. కడుపొస్తే దాన్ని ఉంచుకునే హక్కూ ఆమెకు లేదు. తిట్లు, కొరడాలు, విలన్ల నవ్వులు ఏమీ లేవు. తోట వైకుంఠం కళాదర్శకత్వంలో ఆ గడీ గోడలు, ఇత్తడి గిన్నెలు, చీకటి గదులే చెప్పాల్సిందంతా చెబుతాయి. అది 1920ల కథ. అయినా చూస్తున్న ఆడవాళ్లు తమ అమ్మమ్మల మాట తలుచుకోకుండా ఉండలేరు. అప్పట్లో దాన్నెవరూ నేరం అనలేదు, ఆనవాయితీ అన్నారు. వెట్టిని రద్దుచేస్తూ కేంద్రం చట్టం చేసింది 1976లో.

సరే, సినిమా చూపించాం, తర్వాత? ఇక్కడే చాలా కార్యక్రమాలు చతికిలపడతాయి. ముఖ్య అతిథి ప్రసంగం, శాలువా, ఫొటో, చాయ్, ఇంటికి. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో జరిగింది దీనికి పూర్తిగా వ్యతిరేకమైన ఉదాహరణ. అక్షరాస్యతా ఉద్యమంలో భాగంగా ఊళ్లకు కళాజాతాలు వచ్చాయి, పాట పాడారు, ఆట ఆడారు. వాచకంలో ఆడవాళ్లంతా ఏకమై సారా దుకాణం మూయించిన పాఠం ఒకటుంది. కళాకారులు వెళ్లిపోయారు. రాత్రిబడి మాత్రం ఉండిపోయింది. ఆ బడిలో కూర్చుని, మన ఊళ్లో ఎందుకు కాదు అని ఆ ఊరి రోశమ్మా, ఆమె తోటివాళ్లూ మాట్లాడుకున్నారు. సారా వేలం పాటలు ఆగాయి. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. కళాజాతా ఒక్కటే అయితే రాత్రికి రాత్రి మర్చిపోయేవాళ్లు. మాట్లాడుకోవడానికి రోజూ ఒక చోటు ఉండటమే పని చేసింది.

కాబట్టి ధర్మాబాద్‌లోనో, కిన్వట్‌లోనో, దెగ్లూరులోనో సినిమా చూపాలనుకునే యువజన సంఘాలకు, కాలేజీ పిల్లలకు నా సలహాలు కొన్ని. సినిమా తీసినవాళ్ల అనుమతి తీసుకోండి, అడిగితే చాలామంది కాదనరు. వాడ కుర్రాళ్లనే కాదు, ఊరి నడుమ ఇళ్లవాళ్లను కూడా పిలవండి. గోడెక్కి ఈలలు వేసే పిల్లలు ఆ ఇళ్లలోనూ ఉన్నారు. సినిమా అయ్యాక ఫలానా ఇంట్లో ఇలాగే జరిగింది, లేచి చెప్పమ్మా అని ఎవరినీ నిలబెట్టకండి. లైంగిక దాడికి గురైనవాళ్ల పేరు బయటపెట్టడం నేరం కూడా. ఉచిత న్యాయ సహాయానికి 15100, ఎస్సీ, ఎస్టీల మీద దాడులకు 14566, ఈ రెండు ఫోన్ నంబర్లు తెర పక్కన పెద్దక్షరాలతో మరాఠీలో, తెలుగులో రాసి పెట్టండి. ఆడవాళ్లకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా ప్రభుత్వమే వకీలును పెడుతుందని 1987 నాటి చట్టం చెబుతోంది. ఈ మాట తెలియనివాళ్లు తాలూకా కోర్టు పక్క వీధిలోనే దొరుకుతారు. జిల్లా న్యాయ సేవల సంస్థ నుంచి ఒకరిని పిలిచి, ప్రసంగం చేయించకుండా ఒక మూల బల్ల వేసి కూర్చోబెట్టండి. చీకట్లో ఒకరిద్దరు వచ్చి అడుగుతారు, అది చాలు.

భాష అడ్డమొస్తుందని వెనకాడకండి. మూకీ సినిమాల రోజుల్లో తెర పక్కన ఒక మనిషి నిలబడి కథ చెప్పేవాడు, జనం దిలాసాగా చూసేవాళ్లు. ‘ఫాండ్రీ’కి తెలుగులో, ‘మా భూమి’కి మరాఠీలో అలా చెప్పగల రెండు భాషల పిల్లలు ఈ సరిహద్దులో వీధికి పదిమంది ఉన్నారు. మొదలుపెట్టడం మాత్రం ‘దాసి’తోనే పెట్టండి. అందులో మాటలు తక్కువ, రెండు భాషలవాళ్లూ ఒకే చాప మీద కూర్చుని చూడొచ్చు. సినిమాకు ముందు ఒక అరగంట షాహీర్‌కు ఇవ్వండి, డీజే పెట్టె లేకుండా, హల్గీతో. సినిమా తర్వాత లైట్లు వేశాక గంటన్నర ఊరికి వదిలేయండి. మైకు ముందు ఆడవాళ్ల చేతికి ఇవ్వండి.